ఉమ్మడి పట్టా కార్డులు: ఒక విచారణ నివేదిక

అమ్మాయి పురుడుకని న్యూజెర్సీ వచ్చి నాలుగో నెల నడుస్తోంది. ఇక్కడ నాకు రెండే పనులు. ఒకటి, పగలంతా మా ఆవిడ చెప్పినట్టు నడుచుకోవడం. రెండు, రాత్రి అన్నాలయ్యాక బేస్‌మెంట్‌లో కూర్చుని అల్లుడుగారి కార్డులు చూడటం. మొదటిదాని గురించి రాస్తే ఇంట్లో ఇబ్బంది కనుక రెండోదాని గురించి రాస్తున్నాను.

కార్డులంటే పేకముక్కలు కావు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసి, ఒకప్పుడు బబుల్‌గమ్‌తో కలిపి పిల్లలకు అమ్మిన అట్టముక్కలు. ఆటగాడు పెద్ద లీగులో అడుగుపెట్టాక వచ్చే మొట్టమొదటి కార్డును రూకీ కార్డు అంటారు. అసలు విలువంతా దానికే. అయితే ఈ కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీవాళ్లు, కొత్త కుర్రాళ్లకు తలా ఒక కార్డు ఎందుకులే అనుకుని, ఇద్దర్నో ముగ్గుర్నో నలుగుర్నో ఒకే ముక్క మీద సర్దేసేవారు. తర్వాత వాళ్లలో ఒకడు మహానుభావుడై కూర్చుంటాడు. మిగతావాళ్లు ఆ అట్టముక్క మీదే ఉండిపోతారు. ఇలాంటి కార్డుల్లో ఏది గొప్పదన్న దాని మీద, ఇంటి లోన్లు కట్టుకునే పెద్దమనుషులు రాత్రి పన్నెండింటిదాకా ఫోన్లలో వాదించుకుంటారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నాకీ ఆటలు రావు. అందుకే ఈ తగాదా తీర్చడానికి నాకు మించిన అర్హుడు లేడు. ఆట తెలిసినవాడికి పక్షపాతం ఉంటుంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు రెవెన్యూలో చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. నా కంటికి ఇవి ఆటల కార్డులు కావు, ఉమ్మడి పట్టాలు. వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర. వెరసి ఎనిమిది ముప్పావు చదరపు అంగుళాల విస్తీర్ణం. అందులో నలుగురు హక్కుదారులుంటే తలా రెండు చదరపు అంగుళాల పైచిలుకు వస్తుంది. ఇంత తక్కువ విస్తీర్ణానికి ఇంత గొడవ నేను కోనసీమలో కూడా చూడలేదు.

మొదటి దస్త్రం 1963 నాటి టాప్స్ కార్డు, నంబర్ 537. బేస్‌బాల్ ఆటగాడు పీట్ రోజ్ రూకీ కార్డు అంటారు. అలా అనడంలోనే అన్యాయముంది. కార్డు మీద నాలుగు తలలున్నాయి: పెడ్రో గొంజాలెజ్, కెన్ మెక్‌మల్లెన్, ఆల్ వైస్, పీట్ రోజ్. ఉన్నవి తలలే, ఒళ్లు లేవు. చూడగానే నాకు మా ఊరి సెంటర్ గుర్తొచ్చింది. ఎమ్మెల్యేగారి పుట్టినరోజుకి కట్టే ఫ్లెక్సీలో కింద గుండ్రాల్లో పాస్‌పోర్టు సైజు తలలుంటాయి చూడండి, ‘శుభాకాంక్షలతో’ అని, అచ్చం అవే. ఫ్లెక్సీ మన కనిపెట్టుడని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. 1963లోనే ఇక్కడ చేసేశారు. ఒకటే తేడా, వీళ్లు పైన ఎమ్మెల్యేని పెట్టడం మరిచిపోయారు. నలుగురిలో ఎమ్మెల్యే ఎవడవుతాడో అప్పటికి తెలియదు మరి.

అయినవాడు పీట్ రోజ్. 4,256 హిట్లు కొట్టాడట, అంటే అన్నిసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరాడు, ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. సంతోషం. కానీ ఈ హక్కుదారుడి మీద బెట్టింగ్ కేసుంది. 1989లో ఆట నుంచి శాశ్వతంగా వెలివేశారు. 2024లో ఆయన పోయాక, 2025 మే నెలలో, చనిపోయినవాళ్లకు శాశ్వత నిషేధం వర్తించదని తేల్చి, నిషేధ జాబితాలోంచి పేరు తీసేశారు. మనిషి పోయాక ఫైలు కదలడం ఒక్క మన తాలూకా ఆఫీసులోనే జరుగుతుందనుకునేవాణ్ణి. అమెరికా మీద గౌరవం పెరిగింది.

ఇక అదే కార్డులోని ఆల్ వైస్ సంగతి ఎవరూ అడగరు. బక్కపలచటి మనిషి. పదేళ్ల ఆటలో మొత్తం ఏడంటే ఏడు హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ లాంటివి. అలాంటివాడు 1969లో బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్ జట్టు తరఫున .455 సగటుతో, అంటే దాదాపు రెండుసార్లకొకసారి, హిట్ కొట్టాడు. ఆఖరి మ్యాచ్‌లో స్కోరు సమం చేసిన హోమ్ రన్ ఆయనదే. ఎందుకు చెబుతున్నానంటే, నలుగురి పట్టాలో ఒకడి పేరే చదివి మిగతావాళ్లను ‘వగైరా’ అని రాసే అలవాటు మా డిపార్ట్‌మెంట్‌లోనూ ఉండేది. దానివల్ల పుట్టిన కేసులు ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి.

రెండో దస్త్రం దగ్గర అల్లుడుగారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఆయనకది ప్రాణం. 1980–81 టాప్స్ బాస్కెట్‌బాల్ కార్డు. ఎడమ లారీ బర్డ్, కుడి మ్యాజిక్ జాన్సన్, మధ్యలో జూలియస్ ఎర్వింగ్. బర్డ్, మ్యాజిక్ ఇద్దరూ కొత్తవాళ్లు. ఎర్వింగ్ అప్పటికే పేరుమోసిన ఆటగాడు. మన భాషలో ఇద్దరు వాదులూ మధ్యలో పెద్దమనిషీ. బీరువా తాళం తీసి, సొరుగు లాగి, మెత్తటి గుడ్డ మీద పెట్టి, ప్లాస్టిక్ తొడుగులోంచి బయటికి తీసి చూపించారు. ఒక మూల అరిగింది. బర్డ్ మోచేతి దగ్గర ఎవరో పిల్లాడి బాల్‌పెన్ గీత సన్నగా ఉంది. ఎంత పెట్టి కొన్నారో అమ్మాయికి చెప్పలేదు కనుక నేనూ అడగలేదు.

నన్ను ఆకర్షించింది బొమ్మలు కాదు. మనిషికీ మనిషికీ మధ్య తపాలా బిళ్లల షీటుకి ఉన్నట్టు చిల్లుల వరస ఉంది. అంటే ఈ కార్డును మూడు ముక్కలుగా చింపుకోవచ్చని కంపెనీయే ఏర్పాటు చేసింది. పంపకానికి సిద్ధంగా హద్దులు వేసి మరీ ఇచ్చిన ఉమ్మడి ఆస్తి! ఇలాంటి ముందుచూపు మన పెద్దలకు ఉంటే నా సర్వీసులో సగం ఎంక్వయిరీలు తప్పేవి. ఆ ఆనందంలో నా బొటనవేలు కొంచెం చిల్లుల మీదకు వెళ్లింది.

“మావయ్యగారూ, వేలు... వేలండీ,” అన్నారు అల్లుడుగారు. ఆయన గొంతు అంత సన్నగా పలకడం పెళ్లిలో కూడా వినలేదు.

విషయమేమిటంటే, చింపిన పిల్లలంతా నష్టపోయారు. చింపకుండా ఉంచినవాళ్లు బాగుపడ్డారు. విడివిడి ముక్కలకు విలువ లేదు, ముగ్గురూ కలిసుంటేనే. ఉమ్మడి కుటుంబం గురించి మా నాన్నగారు ఎంత చెప్పినా నాకెక్కలేదు. ఈ అట్టముక్క చూసి ఎక్కింది. అయినా ఒక రెవెన్యూ ఉద్యోగిగా నేను హద్దుల పక్షమే. ఎందుకో దస్త్రం చూడండి. 1979 మార్చిలో కాలేజీల ఫైనల్లో మ్యాజిక్ జట్టు బర్డ్ జట్టును ఓడించింది. 1980 మేలో, కార్డు ఇంకా అచ్చు కాకముందే, లీగు ఫైనల్లో అదే మ్యాజిక్ మధ్యనున్న పెద్దమనిషి జట్టును కూడా ఓడించాడు. తన జట్టు పెద్ద ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్‌కి చీలమండ బెణికితే, ఇరవై ఏళ్ల కుర్రాడు ఆయన స్థానంలో దిగి 42 పాయింట్లు చేశాడు. అంటే ఎడమవాణ్ణీ మధ్యవాణ్ణీ ఓడించినవాణ్ణి తెచ్చి కుడివైపు కూర్చోబెట్టి, ముగ్గురూ కలిసి ఉండండి నాయనా అన్నారన్నమాట.

అంతటితో ఆగలేదు. 1984 నవంబర్‌లో బోస్టన్‌లో ఆట మధ్యలో బర్డూ ఎర్వింగూ ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఇద్దర్నీ మైదానం నుంచి పంపేశారు, తలా 7,500 డాలర్లు జరిమానా వేశారు. అప్పటికి బర్డ్ 42 పాయింట్లలో ఉన్నాడు, పెద్దమనిషి ఆరింట్లో. ఇప్పుడు చెప్పండి, ఆ ఇద్దరి మధ్య చిల్లుల గీత నాలుగేళ్ల ముందే వేసి పెట్టిన టాప్స్ సర్వేయరు మామూలు మనిషా?

“అది జస్ట్ డిజైనండీ, మావయ్యగారూ,” అన్నారు అల్లుడుగారు.

“అలాగే అంటారు లెండి. సర్వే రాయి కూడా మొదట రాయే,” అన్నాను.

1968 కార్డు, నంబర్ 177, గోనెపట్టా రంగు అంచుది, త్వరగా తేల్చేస్తాను. దాని మీద జెర్రీ కూస్‌మన్, నోలన్ రయాన్. ఇద్దరూ మెట్స్ పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు. ఇవాళ అందరూ దాన్ని రయాన్ కార్డనే అంటారు. 5,714 స్ట్రైకవుట్లు, ఒక్క హిట్ కూడా ఇవ్వని నో హిట్టర్లు ఏడు అంటే మాటలు కావు, ఒప్పుకుంటాను. కానీ మ్యాచ్ గెలుపు పిచర్ ఖాతాలో రాస్తారు, ఆ ఏడాది లెక్క చూస్తే రయాన్ గెలిచినవి ఆరు, కూస్‌మన్ గెలిచినవి పందొమ్మిది. ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి కూస్‌మన్‌కి ఒక్క ఓటుతో పోయింది. గెలుచుకున్నది జానీ బెంచ్. ఆ బెంచ్ రూకీ కార్డు కూడా అదే సెట్టులో, ఇంకొకరితో ఉమ్మడిగానే ఉంది. 1971 డిసెంబరులో మెట్స్‌వాళ్లు వదులుకున్నది రయాన్‌ని, అట్టేపెట్టుకున్నది కూస్‌మన్‌ని. మెరక పొలం అమ్మేశాక దాని పక్కనుంచి హైవే పడినట్టయింది. ఆ బాధ అనుభవించినవాళ్లకు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ విడిగా వివరించనక్కర్లేదు.

1978 కార్డు నంబర్ 707 మీద నలుగురు షార్ట్‌స్టాప్‌లున్నారు, అంటే రెండో మూడో బేస్‌ల మధ్య కాపలా కాసేవాళ్లు. అందులో పాల్ మోలిటర్, అలన్ ట్రామెల్ ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. ఒకే పట్టాలో ఇద్దరికి పద్మశ్రీలు రావడం అరుదే. నా మనసు మాత్రం యూ.ఎల్. వాషింగ్టన్ మీద ఆగింది. నోట్లో పన్ను కుట్టుకునే పుల్ల పెట్టుకుని ఆడేవాడట. అది కాదు విశేషం. ఆ ‘యూ.ఎల్.’ దేనికీ పొడి అక్షరాలు కావు, పేరే అంత. మన దగ్గర ఇంటిపేరు, తాత పేరు, ఇలవేల్పు పేరు కలిసి అప్లికేషన్ గళ్లలో పట్టక పుట్టే ఇనీషియల్స్‌తో జీవితమంతా కుస్తీపట్టినవాణ్ణి. వెనకాల ఏమీ లేని ఇనీషియల్స్ చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వేరు కాపురం కేసు ఒకటుంది. 1982 టాప్స్ నంబర్ 21: కాల్ రిప్కెన్, బాబ్ బోనర్, జెఫ్ ష్నైడర్, ముగ్గురూ బాల్టిమోర్ ఓరియోల్స్. రిప్కెన్ తర్వాత ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడాడు. (ఈ వాక్యం మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చూపించొద్దు.) అదే ఏడాది టాప్స్‌వాళ్లు ఇంకో చిన్న సెట్టులో రిప్కెన్ ఒక్కడికే విడిగా కార్డు వేశారు. జనం ఎగబడింది దానికే. ఉమ్మడి కార్డు ధర దాని ముందు చిన్నబోయింది. అంటే బర్డ్–మ్యాజిక్ దగ్గర కలిసుంటే కలదు లాభం అన్న మార్కెట్టే, ఇక్కడ కొత్త జంటకు ఫ్లాట్ కొనిచ్చినట్టు ప్రవర్తించింది. ఈ మార్కెట్‌కి ఒక నీతి ఉందని నాతో ఎవరూ అనొద్దు. బోనర్ మాత్రం ఆట మానేసి మిషనరీగా జాంబియా వెళ్లిపోయాడు. పట్టా గొడవల్లేని చోటు వెతుక్కున్నాడని నా అనుమానం.

ఇక తీర్పు. 1967 టాప్స్, నంబర్ 581. దాని మీద ఇద్దరు మెట్స్ కుర్రాళ్లు, టామ్ సీవర్, బిల్ డెనెహి. సీవర్ 311 గెలుపుల మొనగాడు. డెనెహి మొత్తం జీవితంలో గెలిచింది ఒకటి, ఓడింది పది. మీరు నవ్వుకోండి, కానీ కొంచెం ఆగి నవ్వుకోండి. ఆ ఏడాది నవంబర్‌లో మెట్స్‌వాళ్లకు గిల్ హాడ్జెస్ అనే మేనేజరు కావలసి వచ్చాడు. ఆయన వాషింగ్టన్ జట్టులో ఉన్నాడు. ఊరికే ఇచ్చేది లేదన్నారు వాషింగ్టన్‌వాళ్లు. అప్పుడు మెట్స్‌వాళ్లు లక్ష డాలర్లూ, పైన డెనెహినీ ఇచ్చి తెచ్చుకున్నారు. అంతవరకు అట్టడుగున దేకిన ఆ జట్టు, హాడ్జెస్ చేతికొచ్చిన రెండో ఏడే, 1969లో, వరల్డ్ సిరీస్ గెలిచింది. పైన చెప్పిన ఆల్ వైస్ గెలిపించింది కూడా ఆ జట్టునే. అంటే ఈ కార్డులో సగాన్ని అమ్మి, మిగతా సగం రాణించే ఇల్లు కట్టారు. మిగతా కార్డుల్లో పక్కవాడు ఊరికే పక్కన నిలబడ్డాడు. ఇక్కడ పక్కవాణ్ణే కట్నంగా ఇచ్చారు.

ఈ తీర్పు రాసి అల్లుడుగారికి వినిపించాను. మర్యాదగా విన్నారు. “మీరు చెప్పింది బాగానే ఉందండీ, కానీ బర్డ్–మ్యాజిక్కేనండీ,” అన్నారు. అప్పీలుకి అరవై రోజుల గడువిచ్చాను. ఆ తర్వాత నా వీసా ఉండదు.

నిన్న ఆయన పిల్లవాడి బారసాలకి వాట్సాప్ ఆహ్వానపత్రిక తయారుచేశారు. మధ్యలో పసివాడు, కింద నాలుగు గుండ్రాల్లో నాలుగు తలలు: అల్లుడుగారి అమ్మానాన్నలు, మా ఆవిడ, నేను. నా తల కొంచెం పక్కకు ఒరిగింది, కార్డులవాళ్ల భాషలో సెంటరింగ్ కుదరలేదు. 1963 నాటి టాప్స్‌ని చూసే చేశారని అర్థమై అడిగాను, వీళ్లలో పీట్ రోజ్ ఎవరండీ అని.

“మా అమ్మగారండీ,” అన్నారు ఆలోచించకుండా.

“మరి నేను?”

“మీరు ఆల్ వైస్ అండీ, మావయ్యగారూ.”

ఏమంటాం. .455 సగటని ఆయన్ని పొగిడింది నేనే కదా.