ఎల్లా? ఆరా?

పొద్దున్నే కారు టక్‌టక్‌మని ఊరుకుంది. బ్యాటరీ పోయింది. తోయించిన వైభవం వదిలేయండి. షాపుకు ఫోన్ చేస్తే అడ్రసు అర నిమిషంలో తేలింది. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెబితే చాలు. ఆ తర్వాతే అసలు పరీక్ష. "పాత బ్యాటరీ మీద కోడ్ చదవండి సార్."

"38బి20..." చివరి అక్షరం మీద తెల్లగా ఉప్పు పేరుకుపోయింది.

"ఎల్లా, ఆరా? అది చెబితేనే పంపేది."

మా సెల్లార్‌లో బానెట్ లేస్తే చాలు, సభ మొదలు. 38 అంటే 38 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) అన్నారొకరు. పక్కనే 35 ఏహెచ్ అని రాసుంది. 20 అంటే 20 నెలల వారంటీ అన్నాడు వాచ్‌మన్. అది సెంటీమీటర్లలో సుమారు పొడవండీ అంటే వినరే! పై నుంచి ఆంటీ కుట్టుమిషన్ టేపు విసిరారు. కొలిస్తే 19.7. "చూశారా, తగ్గింది, డూప్లికేట్" అని తీర్పు. బి అంటే వెడల్పు, ఎత్తుల సంగతి. దాని మీద మాత్రం ఎవరూ కొట్టుకోలేదు, నా అదృష్టం.

ఇక ఎల్, ఆర్ అంటే ప్లస్ ఏ వైపుందో చెప్పేది. మొదటి అంతస్తు అంకుల్ రిటైర్డ్ ఇంజనీరు. చేతులు వెనక్కి కట్టుకుని, "కుడి అంటే ఎవరి కుడి? కారుదా, మనదా?" అన్నారు. ఒకాయన డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంకొకాయన బంపర్ ముందు నిలబడి కుడి చేతులెత్తారు. రెండూ చెరో గోడను చూపించాయి. ఫోన్లో షాపాయన నిట్టూరుస్తున్నాడే గానీ, ఫొటో పంపమని ఒక్క ముక్క అనడు!

"ఆర్!" అన్నారు అంకుల్. ఆయన గొంతులో ఉన్న ధీమాకి నేనూ ఆర్ అనేశాను.

బ్యాటరీ వచ్చింది, ట్రేలో బుద్ధిగా కూర్చుంది. ఎర్ర కేబుల్ మాత్రం ప్లస్‌కు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. "కాస్త లాగవయ్యా" అన్నారు అంకుల్. తిప్పి పెడితే టెర్మినళ్లు (కేబుళ్లు బిగించే మొనలు) ఇంజన్ వైపు పోయాయి, అదీ కుదరలేదు. బ్యాటరీ తెచ్చిన కుర్రాడు పాతదాన్ని తడిగుడ్డతో తుడిచాడు. ఎల్.

"ఒక్క ఫొటో కొడితే అయిపోతుండె కదన్నా."

సాయంత్రం ఎల్ వచ్చింది. డెలివరీ చార్జీ మళ్లీ కట్టించుకున్నారు. సగం అంకుల్‌ని అడుగుదామంటే, ఆయన లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నారు.