అభిప్రాయం చెప్పమంటారు, వినేదెవరు?

నగరం కొత్త భూవినియోగ ప్లాను మీద అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. సరే కదా అని వెళ్లాను. మీటింగు పనిరోజున, అదీ మిట్టమధ్యాహ్నం. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎలా రావాలో వాళ్లకే తెలియాలి. గోడకి మ్యాపు అతికించారు. పాత ప్లానులో ఆకుపచ్చ రంగులో ఉన్న చిత్తడినేల ఇందులో పసుపైంది, అంటే ఇళ్ల స్థలాలన్నమాట. ఎందుకని అడిగితే "ఖాళీగా పడి ఉంది కదండీ" అన్నారు. ఖాళీనా! వాననీటిని స్పాంజిలా పీల్చుకుని, వరద జోరు తగ్గించి, మెల్లగా భూమిలోకి ఇంకించే నేల వాళ్ల కంటికి ఖాళీ. పక్షుల సంగతి ఎత్తనే లేదు, నవ్వుతారని.

మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు. మ్యాపులో మాత్రం ఆ నేల మీదుగా రోడ్డు గీత అప్పటికే గీసేసి ఉంది!

ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపిన అమెరికా విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్, 1969లోనే ఈ 'సంప్రదింపు'ని నాలుగో మెట్టు మీద, మొక్కుబడి కోవలో పెట్టింది. మా మీటింగు ఆ మెట్టు కూడా ఎక్కలేదు. బయటికొస్తుంటే హాజరు పట్టీలో సంతకం మాత్రం గుర్తుపెట్టుకుని మరీ తీసుకున్నారు.