అన్నీ నీ మీదనే వేస్తున్రు, వేడి సారూ!

వేడి సారూ, నమస్తే.

మా హన్మకొండల మూత్రం మంటంటే నువ్వే, కండ్లెర్రగైతే నువ్వే, ఆఖరికి చెప్పుకోలేని జాగల నీటి పొక్కులొచ్చి పగిలి పుండ్లయినా గూడ నువ్వే. ఇంట్ల ఎవ్వరికీ చెప్పకుంట సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మెడికల్ షాపుల గొంతు తగ్గించి అడిగి తెచ్చుకున్న ఏదో ట్యూబు, కొన్ని రోజులకు అదే మానిపోతది, చూసినవా వేడి దిగింది అంటరు.

చేసినోడేమో హెర్పిస్, అంటే హెచ్‌ఎస్‌వీ-2 అనే వైరస్, ఆలుమగలు కలిస్తే ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది. వాడు యాడికీ పోడు సారూ, నడుము కింద నరాల ముడుల్ల పండుకుంటడు, బుద్ధి పుట్టినప్పుడు నరం పట్టుకొని మళ్ల తోలు మీదికొస్తడు, ఒక్కోసారి పొక్కు గూడ కనవడది.

పుండు మానింది గదా ఇంకేంది అంటవా? కథ ఆడనే ఉన్నది. వైరస్‌తోని కొట్లాడనీకి వచ్చిన సీడీ4 అనే తెల్ల రక్తకణాలు, మానిన తోలుల గూడ నెలల తరబడి అట్లనే ఉంటున్నయని 2009ల అమెరికా సైంటిస్టులు తోలు ముక్కలు తీసి చూసి చెప్పిన్రు, మేడారంల అమ్మలు వనం పోయినంక గూడ గద్దెల కాడ జనం లేవకుంట కూసున్నట్టు. హెచ్‌ఐవీకి కావాల్సింది గా సీడీ4 కణాలే, వాటి మీద సీసీఆర్5 అనే తలుపు లాంటి ప్రొటీన్ ఉంటే లోపలికి దూరుడు ఇంక సులువు. అందుకే హెర్పిస్ ఉన్నోళ్లకు హెచ్‌ఐవీ అంటుకునే ముప్పు రెండు మూడింతలు.

పోనీ ఎసైక్లోవిర్ గోలీలు మింగితే? మంచి మందే, పుండ్లు తొందరగ మానుతయ్, మాటిమాటికి రావు. కానీ రోజూ మింగినా ఆ కణాలు జాగ ఖాళీ చెయ్యలే, 2008ల వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌ల హెచ్‌ఐవీ సోకుడు గూడ తగ్గలే. ఆ గోలీలతోనే కానిది సబ్జాతోని అయితదా చెప్పు (సబ్జా నాకిష్టమే, ఫలూదాల).

ఇగ పెండ్లానికి గూడ అవే పొక్కులొస్తే ఆమెకూ వేడే అంటరు! ఒక్కింట్ల ఇద్దరికీ సరిగ్గ అదే జాగల వేడయితదా సారూ, నీకన్న నవ్వు రాదా?

సర్కారు దవాఖాన ఐసీటీసీల (సలహా చెప్పి టెస్టు చేసే సెంటర్ల) హెచ్‌ఐవీ టెస్టు ఫ్రీ, పేరు బయటవెట్టొద్దని 2017 చట్టమే ఉన్నది, 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ గొడితే మొకం గూడ చూపియ్యక్కర్లే. మావోళ్లు ఆడికి పోతరు గని, నువ్వు రామగుండం దిక్కు పో, ఎండకాలం ఆడ నీకు చేతినిండ పని.

ఇట్లు,
నీ పేరు చెప్పి చెప్పి అలిసిపోయిన ఒక హన్మకొండోడు