మహారాజశ్రీ హీట్‌మ్యాప్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని తెలుస్తూనే ఉంది. అంకెలను రంగు గళ్లుగా మార్చి చూపే బొమ్మ కదా తమరు, ఏ పరిశోధన పత్రం తెరిచినా రెండో బొమ్మగానో మూడో బొమ్మగానో నిగనిగలాడుతూ దర్శనమిస్తున్నారు. మా పురుగు సంగతే అంత బాగా లేదు. దాని పుట్టుక నుంచి పిల్లలు పెట్టేదాకా మొత్తం బతుకును దశకొకటిగా ఏడు నిలువు వరుసల్లో కుక్కి, ఇక్కడ ఎరుపు, అక్కడ ఆకుపచ్చ అని తమరు తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో తెలియక నేరుగా తమకే రాస్తున్నాను.

తమరు ఆ పురుగును ఎన్నడూ చూసి ఉండరు. తమ దగ్గరికొచ్చేసరికి అది అంకెలైపోతుంది కదా. పేరు బ్రూజియా మలాయి, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల్లో ఒకటి. ఆడది నాలుగైదు సెంటీమీటర్ల పొడవుంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. మనిషి శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురం చేస్తూ మైక్రోఫైలేరియా అనే పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. దోమ కుట్టి ఆ పిల్లల్ని పీలుస్తుంది. అవి దోమ పేగు గోడను తొలుచుకుని రెక్కలాడించే కండరాల్లోకి చేరతాయి. అక్కడ రెండుసార్లు కుబుసం విడిచి, పది పద్నాలుగు రోజుల్లో మూడో దశ లార్వాలై దోమ తల వైపు వస్తాయి. దోమ మళ్లీ కుట్టినప్పుడు చర్మం మీదికి దిగి, కుట్టిన చోటు నుంచి లోపలికి దూరతాయి. లోపల ఒక కుబుసంతో నాలుగో దశ లార్వాలై, ఇంకో కుబుసంతో పెద్ద పురుగులవుతాయి. దోమ ఒంట్లో గది వేడి, మనిషి ఒంట్లో 37 డిగ్రీలు, పైగా వెంటపడే రోగనిరోధక కణాలు. ఇన్ని అవతారాలకూ జన్యువులు మాత్రం అవే. 2007లో జన్యుక్రమం బయటికొచ్చినప్పుడు అవి సుమారు 11,500 అని లెక్క తేల్చారు.

ఏ దశలో ఏ జన్యువు పనిలోకి దిగుతుంది, ఏది ఊరుకుంటుంది? ఇదే మా ప్రశ్న. పనిలోకి దిగిన జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు వస్తాయి, వాటిని సీక్వెన్సింగ్ యంత్రంతో చదివి లెక్కపెడతాం. ప్రశ్నలో దోషం లేదు. జవాబు చెప్పే పని తమకు అప్పగించాం, గొడవంతా అక్కడ మొదలైంది.

తమది పాత వంశమే, కాదనను. 1873లోనే టూసాన్ లువా అనే ఆయన పారిస్ జిల్లాల జనాభా వివరాలను గళ్లలో రంగులు నింపి చూపించాడు. 1998లో మైకేల్ ఐసెన్ బృందం జన్యువుల లెక్కలను ఎరుపు, ఆకుపచ్చ గళ్లలో పేర్చి, పక్కన చెట్టుకొమ్మల బొమ్మ తగిలించాక తమ దశ తిరిగింది. అప్పటి నుంచి ఆ రెండు రంగులే చాలామందికి ప్రామాణికం. ఆ రెండు రంగుల తేడా కళ్లకు అందని పాఠకులు బోలెడుమంది ఉన్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ మధ్య కొందరు నీలం, పసుపు వాడుతున్నారు. తమ పరువుకేమీ భంగం కలగలేదు, గమనించారో లేదో.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. తమరు గీసేముందు ఒక్కో జన్యువుకు చెందిన అడ్డవరుసను దాని సొంత సగటుతో, సొంత హెచ్చుతగ్గులతో సరిచేస్తారు. అంటే రెండు రీడ్ల (యంత్రం చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కల) నుంచి నాలుగు రీడ్లకు పెరిగిన జన్యువూ, రెండు వేల నుంచి నలభై వేలకు ఎగబాకిన జన్యువూ తమ దర్బారులో ఒకే ఎరుపు రంగు శాలువా కప్పుకుని పక్కపక్కనే కూర్చుంటాయి. మొదటిది వట్టి చప్పుడు, రెండోది పురుగు ప్రాణం. సెమినార్లో వెనక బెంచీ నుంచి ఎవరైనా "ఆ ఎరుపు అసలు ఎంతండీ?" అని అడిగితే స్లైడు మారిపోతుంది. తరవాతి స్లైడులో మార్పు ఎంత, దాని మీద నమ్మకం ఎంత అని చుక్కల్లో చూపే తమ తమ్ముడు వల్కేనో ప్లాట్ సిద్ధంగా ఉంటాడు. ఆయన సంగతి ఇంకో లేఖలో చూసుకుంటాను.

ఆడపురుగు వరుసలో తమరు చేసిన అన్యాయం మాత్రం మరీ పెద్దది. పూర్తిగా ఎదిగిన ఆడ ఫైలేరియా పురుగు ఒంట్లో చాలా భాగం గర్భసంచే. అందులో అప్పుడే విభజన మొదలుపెట్టిన పిండాల నుంచి తోక ఆడించే మైక్రోఫైలేరియా దాకా అన్ని వయసుల పిల్లలూ ఒకేసారి ఉంటారు. మేం ఆ పురుగును ముక్కలు చేయకుండా మొత్తంగా నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తాం. తమరు ఆ వరుసలో కణవిభజన జన్యువులు ఎర్రగా మండుతున్నాయని చూపిస్తారు. మేం గంభీరంగా "ఆడపురుగులో కణవిభజన ఉధృతంగా ఉంది" అని రాస్తాం. నెలలు నిండిన గర్భిణిని తూకం వేసి, ఈవిడ బాగా లావెక్కిందని రిపోర్టు రాసినట్టుంది మన వ్యవహారం. తల్లి ఏం చేస్తోందో, కడుపులో పిల్లలు ఏం చేస్తున్నారో విడదీయాలంటే గర్భసంచిని, పేగును, చర్మాన్ని వేరుచేసి విడివిడిగా చూడాలి. అలా చూసినవాళ్లూ ఉన్నారు. ఆ పనికి ఓపిక కావాలి, సూది మొన కావాలి, నొప్పి పెట్టని మెడ కావాలి. తమకైతే ఒక కమాండ్ చాలు.

మగపురుగు వరుస ఇంకో వినోదం. అక్కడ ఎప్పుడూ ఒకే వీరుడు, మేజర్ స్పెర్మ్ ప్రోటీన్. ఈ జాతి పురుగుల వీర్యకణాలకు ఈదే తోక ఉండదు, ఈ ప్రోటీన్ సాయంతో పాకుతాయి. కాబట్టి మగపురుగులో ఆ జన్యువులు విపరీతంగా పనిచేస్తాయి. మగపురుగు వీర్యం తయారుచేస్తోందని తమరు కనిపెట్టినందుకు ధన్యవాదాలు. ఇబ్బంది ఏమిటంటే, సీక్వెన్సింగ్‌లో వచ్చేవి వాటాలే గాని నిజమైన మొత్తాలు కావు. ఒకరు పెద్ద వాటా లాగేసుకుంటే మిగతావాళ్లు ఏ తప్పూ చేయకుండానే తగ్గినట్టు కనిపిస్తారు. దీన్ని సరిచేసే లెక్కలు లేకపోలేదు. కానీ వాటిలో చాలావాటికి ఒక నమ్మకం పునాది: రెండు నమూనాల మధ్య ఎక్కువ జన్యువులు మారవు అని. ఒకే పురుగుకు మందు వేసి, వేయకుండా పోల్చినప్పుడు ఆ నమ్మకం చెల్లుతుంది. రక్తంలో తిరిగే పిల్లనూ, దోమ మూతి దగ్గర కాచుకున్న లార్వానూ, కడుపునిండా పిల్లలున్న తల్లినీ పక్కపక్కన పెట్టి "వీళ్లలో ఎక్కువ మారలేదు" అనుకోవడానికి చాలా పెద్ద మనసుండాలి.

మూడో దశ లార్వా గురించి కూడా ఒక మాట. ఏఎల్‌టీ అనే ప్రోటీన్ల ఆర్‌ఎన్‌ఏ ఆ లార్వాలో కుప్పలుగా ఉంటుంది. ఆ పేరే "లార్వాలో పుష్కలంగా ఉండే ఆర్‌ఎన్‌ఏ" అన్న అర్థంతో పెట్టారు. దోమలో ఉండగానే పురుగు ఆ సరుకు తయారుచేసి అన్నవాహిక గ్రంథుల్లో దాచుకుంటుంది, మనిషిలోకి వచ్చాక బయటికి వదులుతుంది. తయారీ ఒకచోట, వాడకం ఇంకోచోట. తమ బొమ్మలో మాత్రం ఆ జన్యువు దోమ దశలో ఎర్రగా, మనిషి దశలో వెలవెలబోయి కనిపిస్తుంది. తమ మాట నమ్మినవాడు అది దోమతో జరిగే పోరాటానికి అనుకుంటాడు. తప్పు వాడిది కాదు. ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రోటీన్ అప్పుడే, అక్కడే పనిచేస్తోందని కాదని తమ మీద ఎక్కడా రాసి ఉండదు.

ఈ పురుగు ఒంటరిది కూడా కాదు. దాని కణాల్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే ఆడపురుగు పిల్లల్ని కనలేదు. మేం ఆర్‌ఎన్‌ఏ ఏరేటప్పుడు పాలీ-ఏ తోక (చివర వరసగా వచ్చే ఏ అక్షరాలు) ఉన్నవాటినే పట్టే పద్ధతి వాడితే, అలాంటి తోక పెట్టుకునే అలవాటు లేని బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ దాదాపుగా కాలవలో కలుస్తుంది. అలా సగం కాపురాన్ని బయట పారేసి, మిగతా సగానికి తమరు రంగులు వేస్తారు. 1970లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ బాక్టీరియాను చూసినవాళ్లున్నారు. దాన్ని మందుకు గురిగా గట్టిగా పట్టించుకున్నది 1990లు వచ్చాకే. ఇప్పుడు డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు వాడితే బాక్టీరియా పోయి ఆడపురుగు గొడ్డుబోతుందని తెలుసు. ఆ దారి చూపించింది తమ గళ్లు కావని మనవి.

తమ నెత్తిన, నిలువు వరుసలను పోలికల ప్రకారం కలిపే చెట్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏడు కొమ్మలుంటే ఆరు కీళ్లుంటాయి. ఏ కీలు దగ్గర తిప్పినా చెట్టు అర్థం మారదు. అంటే ఒకే చెట్టును 64 రకాలుగా గీయొచ్చు. అందులో మన కథకు సరిపోయే ఒకదాన్ని ఎంచుకుని, చూశారా, నాలుగో దశ పెద్ద పురుగు పక్కనే వచ్చిందంటాం.

చివరికి ప్రతి పత్రంలో ఒక వాక్యం వస్తుంది: ఈ జన్యువులు భవిష్యత్తులో మందులకు మంచి లక్ష్యాలు కావచ్చు. తమరు ఎర్రగా చూపినవన్నీ ఆ "కావచ్చు" కింద తలదాచుకుంటాయి. వాటిలో చాలావాటి పని ఏమిటో తెలియదు, పేరు స్థానంలో "హైపోథెటికల్ ప్రోటీన్" అని ఉంటుంది. ఆ జన్యువును ఆపి పురుగు ఏమవుతుందో చూడటం ఫైలేరియాలో చాలా కష్టమైన పని, కాబట్టి వాటి విచారణ అక్కడితో ముగుస్తుంది. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సారథ్యంలో డైఇథైల్‌కార్బమజైన్ అనే బోదకాలు మందు వచ్చింది. డీఎన్‌ఏ ఆకారం కూడా అప్పటికి ఎవరికీ తెలియదు. పురుగుకు మందు వేసి, చచ్చిందా లేదా అని చూశారు, అంతే. ఆ మందు ఇప్పటికీ వాడుతున్నారు. రక్తంలోని పిల్లల్ని బాగా తగ్గిస్తుంది, పెద్ద పురుగుల్ని కొంతవరకే చంపుతుంది. 2015లో నోబెల్ తెచ్చిన ఐవర్‌మెక్టిన్ కూడా పిల్లల్ని తుడిచేస్తుంది గాని పెద్ద పురుగుల్ని చంపదు. ఏ దశలో ఏం నడుస్తోందో తెలుసుకోవాల్సిన అవసరం అక్కడే ఉంది. అందుకే తమను పూర్తిగా వదులుకోలేక ఇంత పొడుగు లేఖ రాస్తున్నాను.

నా కోరికలు పెద్దవేం కావు. గళ్ల పక్కన అసలు రీడ్ల సంఖ్య కూడా కనిపించనివ్వండి. ఆడపురుగు వరుస పైన "పిల్లలతో సహా" అని రాయించుకోండి. ఒక బ్యాచ్‌లో సీక్వెన్స్ చేసిన దోమ దశలనూ, ఇంకెప్పుడో చేసిన మనిషి దశలనూ కలిపి గీయమని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా కాదనండి.

ఇంకొకటుంది. తమ బొమ్మల్లో నాలుగో దశ నమూనాలు జెర్బిల్ అనే ఎలుకజాతి ప్రాణి పొట్ట కుహరంలో పెంచినవి. బోదకాలు కేసుల్లో అత్యధిక భాగానికి కారణమైన ఇంకో ఫైలేరియా పురుగు, ఉచరేరియా బాంక్రాఫ్టి, ఆ ప్రాణిలో ఇలా పెరగదు. మనిషి ఒంట్లో తిరిగే దాని నాలుగో దశ లార్వాను తీసి నూరే ఉపాయం మా దగ్గర లేదు. అందుకని ఈసారి పంపే బొమ్మలో ఆ పురుగుకూ ఏడు వరుసలు పెట్టి, నాలుగో దశ వరుసను తెల్లగా వదిలేశాను. బూడిద రంగు కూడా వేయలేదు. అంచనా వేసి ఆ గళ్లు నింపే సాఫ్ట్‌వేర్ ఉందట, దాన్ని దగ్గరికి రానివ్వకండి. రివ్యూయర్ గారు ఆ వరుస ఖాళీగా ఎందుకుందని అడిగితే జవాబు తమరే చెప్పుకోవాలి.

ఇట్లు,
పురుగు తరఫున,
తమ విధేయ పరిశోధకుడు