సారు పేరు ఎన్నో స్థానంలో?

పీహెచ్‌డీ అయిపోయి యూనివర్సిటీ గేటు దాటగానే పాత గైడు పేరు లేకుండా పేపర్లు పంపే కుర్రకారు నల్లగొండలో తయారవుతోందట. సమాజం ఎటు పోతోంది?

ఒక స్కాలర్‌నే తీసుకోండి. మర్రిగూడ మండలంలో బోర్ల నీళ్లు పరీక్షిస్తున్నాడు. తెల్లారకముందే బస్సెక్కుతాడు. బోరింగు కొట్టి, మొదటి నీళ్లు వదిలేసి, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో కడిగి, నింపి, ఊరి పేరు రాసి బిరడా బిగిస్తాడు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా లేదా అని రాత్రి దాకా మీటర్ ముందు కూర్చుంటాడు. ఇదంతా కూలి పని. అసలు మేధస్సు సారుది! ఎప్పుడో క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ, "ఫ్లోరైడ్ మీద ఏమన్న చెయ్యరాదురా" అన్నది ఆయనే కదా. నల్లగొండలో పుట్టినోడికి ఫ్లోరైడ్ గుర్తుచేయడం ఎంత మౌలికమైన ఆలోచనో గమనించండి.

పేపర్‌కు రచయిత అనిపించుకోవాలంటే వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పని రూపకల్పనలోనో, డేటాలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయాలి, లేదా గట్టిగా దిద్దాలి. తుది ప్రతికి ఒప్పుకోవాలి. తప్పు తేలితే జవాబు చెప్పాలి. ఈ చివరిది 2013లో చేర్చారు. నాలుగూ ఉంటేనే రచయితట! నిధులు తేవడం, పైపైన పర్యవేక్షించడం మాత్రమే చేసినవాళ్లకు కృతజ్ఞతల్లో చోటట. ఈ సంపాదకులెవరూ మన సెలెక్షన్ కమిటీ ముందు కూర్చున్నట్టు లేరు. రికమెండేషన్ లెటర్ కోసం సారు ఇంటి ముందు చెప్పులు విడిచినట్టూ లేరు.

మన దగ్గర పెళ్లి పత్రికలో పెదనాన్న పేరు వదిలేస్తే ఏమవుతుందో తెలుసుగా? సైన్సుకు మాత్రం వేరే ఆచారం ఎందుకు?

పైగా 1975లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త హెథరింగ్టన్ తన పేపర్‌లో పెంపుడు పిల్లినే సహరచయితను చేశాడు. ఒక్కడే రాసి అంతటా 'మేము' అన్నాడు, దాన్ని 'నేను'గా మార్చి మళ్లీ టైపు చేయడానికి బద్ధకించాడు. పిల్లికి దక్కింది సారుకు దక్కొద్దా? కాకపోతే ఆ పిల్లి ఫోన్ చేసి అడగలేదు.

కాబట్టి నా సలహా: పేరు పెట్టండి. పెట్టి, గౌరవంగా ఒక మెయిల్ కొట్టండి. "నమస్తే సార్. మీ పేరు రెండోది వేశాను. రీడింగులన్నీ ఉన్న ఎక్సెల్ షీట్ జత చేశాను. రేపు ఎవరైనా ఈ అంకెలు తప్పంటే మీరూ నేనూ కలిసి జవాబు చెప్పాలి. చూసి ఓకే అనండి."

సారు ఒక్కసారిగా బిజీ అయిపోతారు. "ఈసారికి నువ్వొక్కనివే వేస్కో బిడ్డా, నా ఆశీస్సులుంటయ్" అంటే, ఆ ఆశీస్సులను కృతజ్ఞతల్లో అచ్చేయించండి. అలా కాకుండా ఆయన షీట్ తెరిచి, ఫలానా ఊరి అంకెలో పాయింట్ తప్పు చోట పడిందని పట్టుకుంటే మాత్రం, నోరు మూసుకుని పేరు ఉంచండి.