ఐదుగురు కెమిస్టులు, ఒక మెయిన్ స్విచ్

నియమం లేని మనిషిని నేను నమ్మను. పొద్దున నడవమన్న డాక్టరు మాట వారం రోజులు కూడా పాటించలేదు, చాయ్‌లో చక్కెర తగ్గించలేదు, అది వేరే సంగతి. గత మూడు నెలలుగా నేనొక దీక్షలో ఉన్నాను. ఆ విషయంలో నన్ను వేలెత్తి చూపగలవారు నల్లగొండ పట్టణంలో ఒక్కరే ఉన్నారు. దురదృష్టవశాత్తు ఆమె మా ఇంట్లోనే ఉంటుంది.

1997లో జపాన్‌లోని స్క్వేర్ కంపెనీ ఫైనల్ ఫ్యాంటసీ టాక్టిక్స్ అనే వీడియో గేమ్ విడుదల చేసింది. గళ్ళ మీద మన మనుషులను ఒక్కొక్కరినే నడిపించి చేసే యుద్ధం అది. కథలో రాంజా పెద్దింటి కుర్రాడు, డెలిటా అతని పేదింటి స్నేహితుడు, చుట్టూ సింహాసనం కోసం కొట్టుకునే ప్రభువులు. గడీలు చూసిన జిల్లా మనది. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ ఏం జరిగిందో తాతలు చెప్పగా విన్నవాళ్ళకు ఈ కథ కొత్తగా వివరించనక్కర్లేదు.

ఆటలో ఇరవై వృత్తులు ఉన్నాయి. విలుకాడు, మాంత్రికుడు, దొంగ, నింజా, నర్తకి కూడా. ఒక వృత్తిలో నేర్చిన విద్యను ఇంకో వృత్తికి అతికించుకోవచ్చు. ఆట రుచంతా అందులోనే ఉంది. ఆ రుచిని వదులుకోవడమే నా దీక్ష. నా దళంలో రాంజాతో కలిపి ఐదుగురూ కెమిస్టులే. కత్తులు దూసుకొచ్చే వీరుల మీదికి మందు సీసాలు పట్టుకుని వెళతారు.

కెమిస్టులే ఎందుకంటే, అది స్థానికాభిమానం. నీళ్ళలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. ఊరికొక బిర్యానీ పేరో, చీర పేరో దక్కితే మనకు దక్కిన కీర్తి అది. అలాంటి ఊరివాడు నింజాలతో ఆడితే చరిత్ర క్షమించదు.

నాలుగో అధ్యాయంలో ఒర్లాండో అనే వృద్ధ సేనాని వచ్చి మన పక్షాన చేరతాడు. ఎన్నికల ముందు పార్టీలోకి వచ్చే పెద్ద నాయకుడి లాంటివాడు. ఆయన దిగాక పాత కార్యకర్తలు జెండా పట్టుకుని నిలబడితే చాలు. దీక్షాపరులు సాధారణంగా మొదట నిషేధించేది ఈయననే. నేనూ నిషేధించాను. ఆయన రావడానికి ఇంకా చాలా దూరం ఉందన్నది నిజమే. అయినా ముందుచూపు మంచిది.

ఇదంతా పిచ్చి అనేవారికి ఒక మాట. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. మా తాత గుడి అరుగు మీద మేకల వైపు కూర్చుని, ఆట మొదలవకముందే ఒక మేకను తీసి జేబులో వేసుకునేవాడు. పద్నాలుగింటితో గెలిచేవాడని ఊరంతా చెప్పుకునేది. ఓడిన రోజుల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. చాయ్ ఆహారం కాదని, ఉప్మా భోజనం కాదని ఆమె ఏనాడో తీర్మానించింది. దీక్షలన్నిటికీ సవరణలు ఉంటాయని నాకు నేర్పింది ఆమే.

నా నియమాలు రెండు వందల పేజీల నోటుబుక్కులో ఉన్నాయి. ఆటలో ఎవరైనా పడిపోతే తల మీద మూడు అనే అంకె కనబడుతుంది. అది తగ్గుతూ పోయి, అయిపోయేలోగా లేపకపోతే ఆ మనిషి స్ఫటికంగానో పెట్టెగానో మారి శాశ్వతంగా పోతాడు. పోయినవాడిని పోయినట్టే వదిలేయాలి, వెనక్కి వెళ్ళి ఆడకూడదు. ఇది నాలుగో నియమం. యుద్ధం మధ్యలో కరెంటు పోతే ఆ యుద్ధం జరగనట్టే. ఇది నాలుగో నియమానికి మొదటి సవరణ. బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన పాత ప్లేస్టేషన్ నాది, ఇంట్లో ఇన్వర్టరు లేదు. కాబట్టి సవరణ న్యాయమైనదే.

సవరణ అమల్లోకి వచ్చాక మా ఇంట్లో కరెంటు తరచుగా పోసాగింది. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఒక రాత్రి నా ముగ్గురు కెమిస్టులు నేల మీద పడి ఉండగా, చీకట్లో మా ఆవిడ గొంతు వినిపించింది.

“ఏమండీ, మెయిన్ స్విచ్ దగ్గర ఏం చేస్తున్నారు?”

“ఫ్యూజు చూస్తున్నాను.”

“కరెంటు పోకముందు నుంచే చూస్తున్నారు కదా!”

రెండో సవరణ ఆ రాత్రే రాశాను. కరెంటు పోయినట్టు బయటివారి సాక్ష్యం ఉండాలి.

మొన్న రియోవేన్స్ కోటకు చేరాను. అక్కడ మూడు యుద్ధాలు వరుసగా ఉంటాయి. మధ్యలో సేవ్ చేస్తే ఇక బయటికి వెళ్ళి బలం పెంచుకునే దారి ఉండదు. నేను సేవ్ చేశాను. రెండో యుద్ధంలో రాంజా ఒక్కడే విగ్రాఫ్ అనే శత్రు వీరుణ్ణి ఎదుర్కోవాలి. కెమిస్టుకు ఒక విద్య ఉంది, దెబ్బ తగలగానే సంచిలోని మందు దానంతట అదే తాగేస్తాడు. కానీ ముందు నాసిరకం మందే తీస్తాడు. అందుకే ముప్పై పాయింట్లు లేపే చిన్న సీసాలు, డెబ్బై లేపే నడిమి సీసాలు ఒక్కటి మిగలకుండా ముందే అమ్మేసి, నూటయాభై లేపేవే సంచిలో నింపాను. అయినా రాంజా ధైర్యం డెబ్బై. అంటే వందలో ముప్పైసార్లు సీసా చేతిలోకి రాదు. పైగా కెమిస్టు చేతిలో ఉండే తుపాకీ పక్కనే నిలబడ్డవాడిని కొట్టలేదు. మూడు గళ్ళు వెనక్కి జరుగుతాను, వాడు ముందుకొస్తాడు. మెరుపు కత్తి, సీసా. మళ్ళీ మెరుపు కత్తి, మళ్ళీ సీసా. మూడోసారి సీసా రాలేదు. రాంజాకు ఇంకో దెబ్బకు సరిపడా ప్రాణం లేదు.

కరెంటు పోయింది.

దేవుడి మీద ఒట్టు, నేను సోఫాలోనే ఉన్నాను. ఫ్యాను ఆగింది, వీధి దీపం ఆరింది, ఎదురిల్లు చీకటి. మా ఆవిడ ఫోను లైటు వేసి ముందు మెయిన్ స్విచ్ వైపు, తర్వాత నా వైపు చూసింది. నేను నోటుబుక్కు, పెన్ను తీసుకుని బయటికి పరుగెత్తాను. ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర విసనకర్రతో నిలబడి ఉన్నాడు. రెండో సవరణ కింద ఖాళీగా ఉంచిన గీత చూపించి, ఇక్కడొక సంతకం పెట్టమని బతిమాలాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“జామీను ఎంతకు?” అన్నాడు.