సవరణ: కొత్త వరిలో ఆపింది ట్యాగ్ వేసే ఎంజైమ్‌ని కాదు

మన మార్టేరు వరి రకం కాటన్ దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010లో జన్యువుని ఎడిట్ చేసి తయారుచేసిన పూసా డీఎస్టీ రైస్ 1 అనే కొత్త వరి గురించి పెట్టిన పోస్టులో, ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే ట్యాగ్ తగిలించే ఎంజైమ్‌ని అందులో ఆపేశారని రాశాను. అది తప్పు. 2025 మేలో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) చేసిన ప్రకటన, ఆ జన్యువుల మీద వచ్చిన పరిశోధన పత్రాలు మళ్లీ చదివితే తేలింది.

ఈ కొత్త వరిలో మార్చింది డీఎస్టీ అనే జన్యువుని. దాన్నుంచి తయారయ్యేది ఎంజైమ్‌ కాదు, వేరే జన్యువులు ఎంత పనిచేయాలో చూసే ప్రొటీన్. దాన్ని ఆపేస్తే ఆకుల్లో నీటి ఆవిరి బయటికి పోయే సన్నటి రంధ్రాలు తగ్గుతాయి, ఉన్నవి త్వరగా మూసుకుంటాయి, దాంతో నీటి ఎద్దడిని, ఉప్పుని మొక్క ఎక్కువ తట్టుకుంటుంది. సముద్రం పక్కన ఉప్పు తేలిన చేలున్న మన కోనసీమ రైతులకు ఇదే ముఖ్యం, అందుకే ఈ తప్పు అలా వదిలేయలేను.

నేను రాసిన వివరం జీడబ్ల్యూ2 అనే వేరే వరి జన్యువుది. 2007లో బయటపడింది. ట్యాగ్ వేసే ఎంజైమ్ తయారయ్యేది దాన్నుంచే, ట్యాగ్ పడిన ప్రొటీన్లని కణం ముక్కలు చేసేస్తుంది. ఆ ఎంజైమ్ పని ఆగితే గింజ పొట్టులో కణాల సంఖ్య పెరిగి గింజ వెడల్పు, బరువు పెరుగుతాయి. రెండు ప్రొటీన్లలోనూ జింక్‌ని పట్టుకునే భాగం ఉంటుంది, నేను కలిపేసింది అక్కడే.

ఇంకోటి, ఆ పోస్టు చూసి, ట్యాగ్ వేసే ఒక ఎంజైమ్ ఆపితే మొక్కలో ప్రొటీన్లు పేరుకుపోతాయా అని కొందరు టెన్షన్ పడ్డారు. అసలు ఈ వరిలో దాన్ని ఆపలేదు, ఆపినా అలా జరగదు. వరిలో ఇలా ట్యాగ్ వేసే ఎంజైమ్‌లు వందల్లో ఉన్నాయి, ఒక్కోటి తనకి సంబంధించిన కొన్ని ప్రొటీన్లనే చూసుకుంటుంది. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇదీ షేర్ చేయండి.